పది రోజుల్లో ఒక ప్రశ్న

కోయంబత్తూరు నుంచి మెట్టుపాళయం వెళ్ళే దారిలో ఉంటుంది కారమడై. రంగనాథస్వామి కోవెల ఉన్న ఊరు. ఈ ఊళ్ళోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ నాయకరాజుల కాలం నుంచీ తెలుగు ఇళ్ళున్నాయి. కమ్మవారు, బలిజలు, అరుంధతియర్లు. వీరి వీధులు వేరు, ఆస్తిపాస్తులు వేరు, ఇంటి మాట మాత్రం ఒక్కటే, తెలుగు. పిల్లలు అవ్వతో తెలుగులో మాట్లాడతారు, బడిలో తమిళంలో చదువుకుంటారు, దుకాణం బోర్డుల మీది ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటారు. చాలా ఇళ్ళలో తెలుగు నోటి మాటగానే ఉంది. చదవడం, రాయడం అంతా తమిళంలోనే. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ప్రకారం ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. ఏడాదికొక తరగతి చొప్పున అది పైకి పాకింది.

ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ చేస్తున్న ఒక అమ్మాయి ఈ పిల్లల గురించి పరిశోధన చేయాలనుకుంది అనుకుందాం. ఆమె నేను ఊహించుకున్న మనిషే కాని, ఆమెకు ఎదురయ్యే చిక్కులన్నీ నిజమైనవే. ఆమె నోట్‌బుక్‌లో మొదటి పేజీలో ఇలా ఉంది: "ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు బడి చదువులో వెనకబడుతున్నారా?"

అడగవలసిన ప్రశ్నే. కానీ ఈ రూపంలో దానికి ఎవరూ జవాబు చెప్పలేరు. జవాబు రాబట్టగలిగేలా దాన్ని మలిచే ఏర్పాటు ఒకటి మన దేశంలో ఉంది. దాని పేరు రీసెర్చ్ మెథడాలజీ కోర్సు. 1969లో ఏర్పడిన భారత సాంఘికశాస్త్ర పరిశోధన మండలి విశ్వవిద్యాలయాలకూ సంస్థలకూ నిధులిచ్చి దీన్ని నడిపిస్తుంది. పది రోజుల పాటు ముప్పై మంది దాకా స్కాలర్లు, ఒక కోర్స్ డైరెక్టర్, రోజుకు ఇద్దరు ముగ్గురు రిసోర్స్ పర్సన్లు. బయట నుంచి చూసేవారికి బ్యానరు, జ్యోతి ప్రజ్వలన, చివర్లో సర్టిఫికెట్లు కనిపిస్తాయి. లోపల పొందికగా అమర్చిన యంత్రం ఒకటి ఉంది. మా కోయంబత్తూరు ఆవిష్కర్త జి.డి. నాయుడు కుర్రతనంలో ఒక మోటారు సైకిల్ కొని, విడి భాగాలుగా విప్పి, మళ్ళీ బిగించి ఇంజన్ సంగతి తెలుసుకున్నాడని ఇక్కడ చెప్పుకుంటారు. ఈ పది రోజులనూ అలా విప్పి చూడాలని నా కోరిక.

ఇలాంటి శిక్షణకు ఈ నేల కొత్త కాదు. కారమడైకి కాస్త దిగువన, పెరియనాయకన్‌పాళయంలో శ్రీ రామకృష్ణ మిషన్ విద్యాలయం ఉంది. టి.ఎస్. అవినాశిలింగం 1930లో దాన్ని మొదలుపెట్టారు. 1934లో గాంధీజీ ఇక్కడి ప్రాంగణానికి శంకుస్థాపన చేశారు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాల ఆ విద్యాలయంలో భాగం. కోయంబత్తూరులో 1957లో మొదలైన అవినాశిలింగం మహిళా సంస్థ, మరుదమలై దారిలో 1982 నాటి భారతియార్ విశ్వవిద్యాలయం, మదురై వైపు వెళితే దిండుక్కల్ దగ్గర గాంధీగ్రామం ఉన్నాయి. అంతకు ముందే, 1926లో, పీళమేడుకు చెందిన తెలుగు కుటుంబం ఒకటి ఆస్తి పంపకంలో నలుగురు అన్నదమ్ములకు నాలుగు భాగాలతో పాటు ధర్మానికని అయిదో భాగం తీసిపెట్టింది. పీఎస్‌జీ విద్యాసంస్థలన్నీ ఆ అయిదో భాగం నుంచి వచ్చినవే.

కూర్చుని వినడం కాక, చేసి నేర్చుకోవడం అనే పద్ధతి భారతీయ విద్యా పరిశోధనలోకి వచ్చిన సందర్భం కూడా చెప్పాలి. 1956లో పరీక్షల సంస్కరణ మీద భోపాల్‌లో సెమినార్ జరిగింది. విద్యా లక్ష్యాల వర్గీకరణతో పేరు పొందిన బెంజమిన్ బ్లూమ్ పుస్తకం అచ్చయింది కూడా ఆ ఏడాదే. మరుసటి ఏడు ఆయన్ని అఖిల భారత సెకండరీ విద్యా మండలి ఇక్కడికి పిలిపించింది. వరసగా వర్క్‌షాపులు జరిగాయి. టీచర్లు, శిక్షణ కళాశాలల అధ్యాపకులు తామే లక్ష్యాలు రాసి, వాటికి తగిన ప్రశ్నలు కూర్చి, తప్పులు పట్టుకుని, తిరిగి రాశారు. 1958లో కేంద్ర పరీక్షల విభాగం ఏర్పడింది. 1961లో ఎన్‌సీఈఆర్‌టీ వచ్చాక ఆ పని అందులో కలిసింది. మన కోర్సుకు మూలం ఆ వర్క్‌షాపుల్లో ఉంది.

ఇక మొదటి భాగం. మంచి కోర్స్ డైరెక్టర్ పని మొదటి రోజుకు చాలా ముందే మొదలవుతుంది. వచ్చే ప్రతి స్కాలరూ తన పరిశోధన గురించి ఒక్క పేజీ రాసి పంపాలి. డైరెక్టర్ ఆ ముప్పై పేజీలూ చదివి అయిదుగురేసి చొప్పున ఆరు జట్లు కడతాడు. ఒకే రకం విషయం ఉన్నవాళ్ళను ఒక్కచోట వేయడు. భాష మీద పనిచేసేవాడి పక్కన గణిత బోధన మీద పనిచేసేవాడు, వాడి పక్కన అంగన్‌వాడీల మీద పనిచేసే అమ్మాయి. తన విషయం బొత్తిగా తెలియనివాడికి చెప్పి ఒప్పించవలసి వచ్చినప్పుడే స్కాలర్ తన ప్రశ్నలో తాను దాచుకున్న ఊహలు చూస్తాడు. ఈ చిన్న అమరిక పది రోజుల పనికీ ఆధారం.

మొదటి రెండు రోజులు ప్రశ్న మీదే. మన అమ్మాయి ప్రశ్నలో ఒక్కో మాటనూ జట్టు పట్టుకుంటుంది. పిల్లలంటే ఏ తరగతి వాళ్ళు? చదువంటే మార్కులా, ధారాళంగా చదవగలగడమా, చదివింది అర్థం చేసుకోవడమా? వెనకబడటం ఎవరితో పోల్చి? ఇంట్లో తెలుగు అంటే ఎంత తెలుగు? అవ్వతో తెలుగు, అన్నతో తమిళం, టీవీ ముందు రెండూ కలిపి మాట్లాడే పిల్లను ఏ లెక్కలో వేయాలి?

ఆ తరువాత అసలు ప్రశ్న వస్తుంది. తెలుగు ఇళ్ళన్నీ ఒక్కటి కావు. తోటలున్న నాయుడు ఇంటి పిల్లా తెలుగే మాట్లాడుతుంది, కూలికి పోయే అరుంధతియర్ ఇంటి పిల్లా తెలుగే మాట్లాడుతుంది. మొదటి పిల్ల ప్రైవేటు బడికి పోతే, పంచాయతీ యూనియన్ బడిలో మిగిలే తెలుగు పిల్లల్లో కూలి కుటుంబాల వాళ్ళే ఎక్కువగా ఉండవచ్చు. వాళ్ళ మార్కులు తగ్గితే అది భాష వల్ల తగ్గిందా, పేదరికం వల్లనా, కులం పేరుతో ఎదురైన చిన్నచూపు వల్లనా? భాషను ఒక్కదాన్నే చూస్తే పేదరికం చేసిన గాయాన్ని అమ్మ భాష మీదికి నెట్టినట్టవుతుంది. కొలతలో పొరపాటు కంటే ఇది పెద్ద తప్పు, ఎందుకంటే రేపు ఒక టీచరు ఆ థీసిస్ చదివి "పిల్లతో ఇంట్లో తెలుగు మాట్లాడకండి" అని తల్లికి చెప్పవచ్చు.

రెండో రోజు సాయంత్రానికి ప్రశ్న ఇలా మారుతుంది: "పంచాయతీ యూనియన్ పాఠశాలల్లో, మూడో తరగతిలో, తల్లి చదువూ ఇంటి ఆదాయమూ ఒకే స్థాయిలో ఉన్న పిల్లల్లో, ఇంట్లో ప్రధానంగా తెలుగు మాట్లాడేవారికీ తమిళం మాట్లాడేవారికీ తమిళం చదివే వేగంలో, చదివినదాన్ని గ్రహించడంలో తేడా ఉందా?" పొడుగైంది, అందం తగ్గింది. కానీ ప్రతి మాటకూ ఇప్పుడు ఒక కొలత చూపించవచ్చు. ఇంకా కులం సంగతి ఇందులోకి రాలేదని జట్టులో ఒకరు గుర్తుచేస్తారు. దాన్ని అంకెలతో పాటు మాటల్లోనూ పట్టుకోవాలని పేజీ అంచున రాసుకుంటుంది. ఆ పని ఏడో రోజుకు అందివస్తుంది.

పూర్వ పరిశోధనల సంగతి త్వరగా ముగించవచ్చు. శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండాగారంలో థీసిస్‌లు వెతకడం, ఎం.బి. బుచ్ 1974 నుంచి తెచ్చిన విద్యా పరిశోధన సర్వేలు చూడడం, ఒక్కో అధ్యయనానికీ ఒక్కో వరుస కేటాయించి పట్టిక వేయడం. పట్టికలో "వీళ్ళు ఏం చూడలేదు" అనే గడి ఉండాలని పట్టుబట్టే రిసోర్స్ పర్సన్ దొరికితే అదృష్టం.

మూడో రోజు శాంపిల్. ఈ భాగం దగ్గర నేను కాస్త ఆగుతాను, ఎందుకంటే ఇక్కడ మెదడుకు ఒక కొత్త కిటికీ తెరుచుకుంటుంది.

అమ్మాయి లెక్క ఇది: 20 బడులు, బడికి 20 మంది, మొత్తం 400 మంది. చాలా పెద్ద శాంపిల్ అనిపిస్తుంది. కానీ ఒక బడి పిల్లలు ఒకరినొకరు పోలి ఉంటారు. టీచరు ఒకరే, తరగతి గది ఒకటే, ఊరూ ఒకటే. మొదటి అయిదుగురిని పరీక్షిస్తే ఆరోవాడు ఎలా చదువుతాడో కొంత తెలిసిపోతుంది. అంటే ఆరోవాడు తెచ్చే కొత్త సమాచారం తక్కువ. ఆ పోలికను సున్నాకూ ఒకటికీ మధ్య ఒక అంకెగా రాస్తారు. 0.2 అనుకుందాం. బడికి తీసుకునే 20 మందిలోంచి ఒకటి తీసేసి, 0.2తో గుణించి, ఒకటి కలిపితే 4.8. 400ను 4.8తో భాగిస్తే సుమారు 83. నాలుగు వందల మందిని కూర్చోబెట్టి చదివించినా, చేతికి వచ్చే సమాచారం విడివిడిగా చీటీ తీసి ఎంచిన 83 మంది ఇచ్చే దానితో సమానం!

ఇప్పుడు బడుల సంఖ్యను 40కి పెంచి, బడికి పది మందినే తీసుకుంటే? తొమ్మిదిని 0.2తో గుణించి ఒకటి కలిపితే 2.8. 400ను దానితో భాగిస్తే 143. పిల్లల సంఖ్య మారలేదు, పరీక్ష మారలేదు. బళ్ళ మధ్య పంపకం మారింది, అంతే. లెస్లీ కిష్ 1965లో వచ్చిన తన పుస్తకంలో డిజైన్ ఎఫెక్ట్ అని వివరించినది దీన్నే. దీనికి మూల్యం ఉంది: ఇరవై ఊళ్ళు అదనంగా తిరగాలి, ఇరవై మంది హెడ్‌మాస్టర్ల అనుమతి అదనంగా తీసుకోవాలి. సమయం, డబ్బు, నమ్మకం మూడింటినీ త్రాసులో వేసుకుని ఆ అమ్మాయి తన అంకె తానే ఎంచుకోవాలి.

దీన్ని చెప్పే తీరులో కూడా పనితనం ఉంది. సూత్రాన్ని స్లైడ్ మీద చూపిస్తే ముప్పై మందీ రాసుకుంటారు, మరునాటికి మరిచిపోతారు. నేర్పు తెలిసిన రిసోర్స్ పర్సన్ సంచిలో చీటీలు తెస్తాడు. ఒక్కో చీటీ మీద ఒక పిల్ల మార్కు, బడి పేరు. ఆరు జట్లూ మొదట ఏ బడి అని చూడకుండా చీటీలు తీసి సగటు కడతాయి, సగటును బోర్డు మీద చుక్కగా పెడతాయి. ఆ పైన రెండే బడుల నుంచి అన్నే చీటీలు తీసి మళ్ళీ సగటు కడతాయి. మొదటి ఆరు చుక్కలు దగ్గర దగ్గరగా ఉంటాయి, రెండోసారి ఆరు చుక్కలు బోర్డంతా చెదిరిపోతాయి. సూత్రం ఆ తరువాత వస్తుంది. కళ్ళతో చూసినదానికి అది పేరు మాత్రమే పెడుతుంది.

నాలుగో రోజు టూల్ తయారీ. పిల్లలు బిగ్గరగా చదవడానికి ఒక పేరా, చదివి జవాబులు రాయడానికి ఒక కథ, దానికి 20 ప్రశ్నలు, తల్లిదండ్రులను అడగడానికి ఒక ప్రశ్నావళి. ఇవి మన అమ్మాయికి కావలసినవి. ప్రతి ప్రశ్నాంశాన్నీ పది మంది నిపుణులకు చూపించి "ఇది తప్పనిసరా?" అని అడుగుతారు. దీనికి లాషే 1975లో ఒక చిన్న లెక్క చెప్పాడు. తప్పనిసరి అన్నవారి సంఖ్యలోంచి మొత్తంలో సగం తీసేసి, ఆ సగంతోనే భాగించాలి. తొమ్మిది మంది అవునంటే 0.8. ఎనిమిది మంది అంటే 0.6. పది మంది నిపుణులున్నప్పుడు ఆయన పట్టికలో హద్దు 0.62. అంటే పదిమందిలో ఎనిమిది మంది మెచ్చుకున్న ప్రశ్న కూడా గడప దాటదు! అంత కఠినం ఎందుకంటే, నిపుణులు ఏమీ ఆలోచించకుండా బొమ్మా బొరుసా వేసినా కొన్ని ప్రశ్నలకు ఎక్కువ ఓట్లు పడతాయి. ఆ యాదృచ్ఛికతను బయటే ఆపడానికి హద్దును పైకి జరిపారు.

ప్రశ్నావళి రెండు భాషల్లో ఉండాలి కాబట్టి ఒకరు తమిళం నుంచి తెలుగులోకి మారుస్తారు, అసలు ప్రతిని చూడని మరొకరు తెలుగు నుంచి తిరిగి తమిళంలోకి మారుస్తారు. రెండు తమిళ ప్రతులూ పక్కపక్కన పెట్టి చూస్తే పగుళ్ళు బయటపడతాయి. మనకు అవసరం అంటే కావలసినది, తమిళంలో అదే మాటకు తొందర అని అర్థం. "ట్యూషన్ అవసరమా?" అనే ప్రశ్న ఆ తల్లి చెవికి ఏ భాషలో చేరుతుందో ముందుగా తేల్చుకోకపోతే, జవాబుల వరుస మొత్తం పనికిరాదు.

అయిదో రోజు బడికి వెళ్ళడం. నా దృష్టిలో ఈ యంత్రానికి ఇరుసు ఇదే. కోర్సు సరిగ్గా మధ్యలో, లెక్కల పాఠాలు మొదలవక ముందు, ఒక పూట పిల్లల ముందు కూర్చోవాలి. అనుమతులు నెల ముందే తీసుకుని ఉండాలి, బడి పని చెడకుండా వేళ కుదరాలి, ఆరు జట్లూ ఆరు బడులకు పోవాలి. ఇంత తలనొప్పి దేనికని ఈ పూటను వదిలేసే కోర్సులూ ఉన్నాయి. వదిలేస్తే మిగతా రోజులకు ముడిసరుకు ఉండదు. ఎవరో ఎక్కడో సేకరించిన అంకెలతో సాఫ్ట్‌వేర్ మీటలు నొక్కడం నేర్చుకుని వెళ్ళిపోతారు. ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌ను మొదటి రోజే తెరిపించడం కంటే పెద్ద లోపం ఈ కోర్సుల్లో మరొకటి లేదని నేను గట్టిగా నమ్ముతాను.

బడిలో ఒక పిల్ల పేరా చదువుతుంటే, గొంతు రికార్డు చేస్తూ, ఇద్దరు స్కాలర్లు ఒకరి కాగితం ఒకరు చూడకుండా మార్కులు వేస్తారు. 2022లో దేశమంతటా ఇరవై భాషల్లో మూడో తరగతి పిల్లల మీద జరిగిన ప్రాథమిక అభ్యసన అధ్యయనంలో కూడా ఇలాగే పిల్లలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి చదివించారు. పని తేలికగా కనిపిస్తుంది. కోపం అనే మాట వచ్చేసరికి తేలిక పోతుంది. తమిళ లిపిలో ప, బ రెండింటికీ అక్షరం ఒకటే. ఆ మాటను తమిళులు కోబం అని పలుకుతారు. తెలుగు ఇంటి పిల్ల అవ్వ దగ్గర విన్నట్టే కోపం అని చదువుతుంది. ఒక స్కాలర్ తప్పు అని గీత గీస్తాడు. రెండో స్కాలర్ సరే అంటుంది. పిల్ల అక్షరాన్ని గుర్తుపట్టింది, అర్థం తెలుసు, పలుకు మాత్రం ఇంటిది. ఇది చదవడంలో తప్పా?

అక్కడికక్కడే తేల్చరు. మధ్యాహ్నం తిరిగి వచ్చాక కాగితాలు బల్ల మీద పరుస్తారు. 50 మంది పిల్లల విషయంలో ఇద్దరూ 40 మందికి ఒకే తీర్పు ఇచ్చారనుకుందాం. ఎనభై శాతం ఏకాభిప్రాయం, ఫరవాలేదనిపిస్తుంది. కోహెన్ 1960లో ఈ తృప్తిని ప్రశ్నించాడు. ఇద్దరూ విడివిడిగా 35 మందిని పాస్ చేశారు, అంటే ఒక్కొక్కరూ నూటికి 70 మందిని. కళ్ళు మూసుకుని అదే నిష్పత్తిలో పాస్ వేసుకుంటూ పోయినా, ఇద్దరూ పాస్ అనడం 0.7ను 0.7తో గుణిస్తే 0.49, ఇద్దరూ ఫెయిల్ అనడం 0.3ను 0.3తో గుణిస్తే 0.09, కలిపి 0.58 దాకా కాకతాళీయంగానే కలుస్తారు. నిజంగా సంపాదించుకున్న ఏకాభిప్రాయం 0.80లోంచి 0.58 పోగా 0.22. సంపాదించుకోగలిగింది 0.42. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే సుమారు 0.52. దీన్నే కప్పా అంటారు. ఎనభై శాతం అనుకున్నది సగానికి దిగింది.

అప్పుడు నియమం రాస్తారు: అక్షరాన్ని గుర్తించి, ఇంటి పలుకుతో చదివితే తప్పుగా లెక్కించరాదు, మరో మాటగా మార్చి చదివితేనే తప్పు. రెండు వరుసలే. కానీ అది లేకపోతే తెలుగు ఇంటి పిల్లలందరి చదువు వేగమూ కాగితం మీద తగ్గిపోయేది, పిల్లలు వెనకబడ్డారని థీసిస్ తేల్చేది. నియమం రాశాక రికార్డు చేసిన గొంతులను మళ్ళీ విని ఇద్దరూ మళ్ళీ మార్కులు వేస్తారు, మళ్ళీ కప్పా కడతారు. అది తృప్తికరంగా పెరిగేదాకా అసలు పరిశోధనకు బయలుదేరకూడదు.

ఆరో రోజు 20 ప్రశ్నల పరీక్షను విప్పుతారు. ఆరు బడుల నుంచీ వచ్చిన వంద జవాబు పత్రాలను మొత్తం మార్కుల వరసలో పేరుస్తారు. పై నుంచి 27, కింది నుంచి 27 తీసి మధ్యవి పక్కన పెడతారు. ఇరవై ఏడే ఎందుకు? రెండు గుంపులూ చిన్నవైతే వాటి మధ్య తేడా బాగా కనిపిస్తుంది కాని నమ్మకంగా లెక్కించడానికి పత్రాలు చాలవు. గుంపులు పెద్దవైతే పత్రాలు చాలతాయి కాని తేడా పలచబడుతుంది. ఈ రెండింటికీ మధ్య సరైన చోటు సుమారు 27 శాతమని కెల్లీ 1939లో లెక్క కట్టి చూపించాడు. వంద పత్రాలైతే అది సరిగ్గా 27 పత్రాల దొంతర.

ఇక ఒక్కో ప్రశ్నకూ లెక్క. ఒక ప్రశ్నకు పై గుంపులో 22 మంది, కింది గుంపులో 9 మంది సరిగ్గా రాశారు. తేడా 13, దాన్ని 27తో భాగిస్తే 0.48. ఇది బాగా చదివేవారినీ చదవలేనివారినీ వేరు చేయగల ప్రశ్న. బీఎడ్ పుస్తకాల్లో దీన్నే విచక్షణ శక్తి అంటారు. మరో ప్రశ్నకు పై గుంపులో 14, కింది గుంపులో 17. బాగా చదివేవారే తప్పు చేస్తున్నారు! పత్రాలు తిరగేసి చూస్తే కారణం తెలుస్తుంది. "రైతు ఎందుకు నవ్వాడు?" అనే ప్రశ్నకు టూల్ రాసినవారు వాన పడిందని జవాబు పెట్టుకున్నారు. కథ చివరిదాకా శ్రద్ధగా చదివిన పిల్లలు, తప్పిపోయిన ఎద్దు దొరికిందని రాశారు. కథలో ఆ వాక్యం ఉంది. పిల్లలదే సరి. చేత్తో పేర్చిన రెండు దొంతరల కాగితాలు పెద్దల తప్పును పట్టిచ్చి పిల్లలను గెలిపించాయి. ఈ పద్ధతి మీద నాకున్న గౌరవానికి ఇంతకంటే కారణం అక్కరలేదు.

చేత్తో ఒకసారి చేశాకే కంప్యూటర్ తెరుస్తారు. ప్రశ్నల జవాబులు ఒకదానితో ఒకటి ఎంతగా పొసగుతున్నాయో చూసే క్రోన్‌బాక్ ఆల్ఫా (1951) అప్పుడు వస్తుంది. తెర మీద కనిపించే అంకె వెనక ఏ కాగితాలున్నాయో అప్పటికి అందరికీ తెలుసు.

ఏడో రోజు అంకెల నుంచి మాటలకు. బడికి వెళ్ళిన రోజు తెలుగు అవ్వలతో, తల్లులతో మాట్లాడి రికార్డు చేసిన సంభాషణలను అక్షరాల్లో పెట్టాలి. ఇక్కడ మన అమ్మాయికి మరో చిక్కు: తమిళ లిపిలో రాసుకుంటే క, గల తేడా, ప, బల తేడా పోతాయి. మాట్లాడిన తెలుగు నిలవాలంటే తెలుగు లిపి వచ్చినవారు పక్కన ఉండాలి. రాసుకున్నాక వాక్యం వాక్యం చదివి గుర్తులు వేయడం, గుర్తులను గుంపులు చేయడం, గుంపుల్లోంచి అర్థాలు తీయడం. బ్రాన్, క్లార్క్ 2006లో ఆరు మెట్లుగా చెప్పిన పద్ధతి ఈ తరం స్కాలర్లకు బాగా తెలుసు. బడిలో పిల్ల తెలుగు మాట్లాడితే ఎవరు ఏమన్నారు, ఏ వీధి పిల్లను ఏ వరసలో కూర్చోబెట్టారు అన్న సంగతులు ఇక్కడే బయటికి వస్తాయి. రెండో రోజు పేజీ అంచున రాసుకున్న మాటకు జవాబు దొరికే చోటు ఇది.

ఎనిమిదో రోజు నైతికత. యూజీసీ 2019లో పీహెచ్‌డీ స్కాలర్లందరికీ పరిశోధన, ప్రచురణ నైతికత మీద 30 గంటల కోర్సు పెట్టింది కాబట్టి కాపీ, దొంగ పత్రికలు వగైరా సంగతులు చాలామందికి ముందే తెలిసి ఉంటాయి. ఇక్కడ చూడవలసింది పిల్లల సమ్మతి. తల్లిదండ్రుల సంతకం సరిపోదు, పిల్లను కూడా అడగాలి, పిల్ల వద్దంటే ఆపాలి. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా పిల్లల వివరాల విషయంలో కన్నవారి సమ్మతికి పెద్ద పీట వేసింది.

చివరి రెండు రోజులు ఒక్కొక్కరూ తమ పేజీని అందరి ముందు పెట్టడానికి. కోర్సుకు ముందు పంపిన పేజీ, పదో రోజు పేజీ పక్కపక్కన పెడతారు.

ఇప్పుడు భాగాలన్నీ మళ్ళీ బిగించి చూడండి. రెండో రోజు తేలిన ప్రశ్న మూడో రోజు శాంపిల్‌ను నిర్ణయిస్తుంది. శాంపిల్‌లో ఎవరున్నారన్నదే నాలుగో రోజు టూల్ ఏ భాషల్లో ఉండాలో చెబుతుంది. టూల్ లేకుండా బడికి వెళ్ళలేరు, బడికి వెళ్ళకుండా ఆరో రోజు పేర్చడానికి కాగితాలు ఉండవు, ఏడో రోజు వినడానికి గొంతులు ఉండవు. ఒక రోజు ఉత్పత్తి మరునాటి ముడిసరుకు. అందుకే మధ్యలో ఒక పెద్దాయన ప్రయాణం కుదరక రాలేకపోతే ఆయన ఉపన్యాసాన్ని వేరే రోజుకు మార్చడం ఇలాంటి కోర్సులో అంత సులువు కాదు. డైరెక్టర్ దగ్గర ప్రతి పూటకూ ఇంకో మనిషి సిద్ధంగా ఉండాలి. భోజనం తరువాతి పూట ఉపన్యాసం పెట్టకుండా, చేతులకు పని చెప్పే సెషన్ పెట్టడం కూడా ఆయన చూసుకోవలసిందే. సాయంత్రం గంటసేపు ఎవరి పేజీని వారు తిరగరాసుకునే వేళను ఎవరూ లాక్కోకుండా కాపాడటం అన్నిటికంటే కష్టం. స్వాగత వచనాలు సాగి సాగి చివరికి కత్తిరింపు పడేది ఆ గంటకే. దాన్ని నిలబెట్టిన డైరెక్టర్‌ను నేను గొప్ప పనివాడంటాను.

ఆంధ్ర, తెలంగాణ విశ్వవిద్యాలయాల్లో ఎడ్యుకేషన్‌లో పరిశోధన చేస్తున్నవారికి ఒక విన్నపం. ఈ కోర్సుల్లో ఇతర రాష్ట్రాల స్కాలర్లకూ చోటుంటుంది. కోయంబత్తూరులోనో, మదురై వైపునో ప్రకటన వచ్చినప్పుడు దూరమని వదిలేయకండి. ఒక్క పేజీ రాసి, గైడ్ సంతకంతో పంపండి. ఇక్కడి జట్లలో తెలుగు లిపి చదవగలిగినవారు, అవ్వల మాటను ఉన్నదున్నట్టు రాయగలిగినవారు తప్పకుండా కావాలి. కారమడై పిల్లల చదువును న్యాయంగా కొలిచే టూల్ తయారు కావాలంటే, ఆ బల్ల చుట్టూ వారి ఇంటి మాట తెలిసినవారు ఒక్కరైనా కూర్చోవాలి.